పోరిడ్జ్, రోనీ బార్కర్, ఒక జైలు గదిలో ఒక రాత్రి

బ్రిటిష్ కామెడీ అనగానే మనవాళ్ళలో చాలామందికి ముందు మిస్టర్ బీన్ గుర్తొస్తాడు, కొంచెం వెతికి చూసే అలవాటున్నవాళ్ళయితే ఫాల్టీ టవర్స్, యెస్ మినిస్టర్ పేర్లు చెప్తారు. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ నన్నడిగితే వాటన్నిటికంటే ఒక మెట్టు పైన పెట్టేది పోరిడ్జ్‌ని. 1974 నుంచి 1977 దాకా బీబీసీ వన్‌లో వచ్చింది, మూడు సిరీస్‌లు, రెండు క్రిస్మస్ స్పెషల్స్, అన్నీ కలిపి 20 ఎపిసోడ్లే. కథంతా జైల్లోనే. నార్మన్ స్టాన్లీ ఫ్లెచర్ అనే లండన్ దొంగ ఐదేళ్ళ శిక్ష పడి ఇంగ్లండ్ ఉత్తర కొసన కంబర్లాండ్‌లో స్లేడ్ అనే జైలుకొస్తాడు, అది కల్పిత జైలే లెండి. ఆ ఫ్లెచర్ పాత్ర వేసినాయన రోనీ బార్కర్. ఈ పోస్టు ఆయన గురించే, ఎందుకంటే నేను చూసినంతలో ఇంత గొప్ప కామెడీ నటుడు ఇంకొకరు లేరు, ఈ మాట తొందరపడి అంటున్నది కాదు, చాలా ఏళ్ళుగా చూస్తూ చూస్తూ వచ్చిన అభిప్రాయం.

ముందు టైటిల్స్ దగ్గరే మొదలుపెడతా. సిట్‌కామ్ అంటే సరదా ట్యూన్ ఒకటి వస్తుంది కదా మొదట్లో, ఇక్కడ అదేం ఉండదు. జైలు తలుపులు ఒకదాని తర్వాత ఒకటి ధడేల్ ధడేల్ మని మూసుకుంటుంటాయి, తాళాల చప్పుడు, వెనకాల జడ్జిగారి గొంతు తీర్పు చదువుతుంటుంది, నువ్వు అలవాటు పడ్డ నేరస్థుడివి, అరెస్టవడం నీ వృత్తిలో ఒక భాగం అన్నట్టు తీసుకుంటావు, జైలుని కూడా అంతే తేలిగ్గా తీసుకుంటావు కాబోలు, ఐదేళ్ళు శిక్ష, అని. ఆ గొంతు కూడా బార్కర్‌దే! శిక్ష పడేవాడూ ఆయనే, వేసేవాడూ ఆయనే. తెలియకుండా చూస్తే అస్సలు గుర్తుపట్టలేం, ఆ జడ్జి గొంతులో చదువుకున్న పెద్దింటి దర్పం ఉంటుంది, ఫ్లెచర్ గొంతేమో అచ్చమైన ఉత్తర లండన్ గొంతు, ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాదు. నవ్వించాల్సిన ప్రోగ్రామ్‌ని తలుపులు మూసుకునే చప్పుడుతో మొదలుపెట్టాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇది పుట్టిన కథ కూడా బావుంటుంది. 1973లో బీబీసీ వాళ్ళు బార్కర్‌తో సెవెన్ ఆఫ్ వన్ అని ఒక సిరీస్ చేశారు, ఏడు విడి విడి కథలు, ఏడింట్లోనూ ఆయనే ముఖ్యపాత్ర, వాటిల్లో ఏది బావుంటే దాన్ని పెద్ద సిరీస్ చేద్దామని ఆలోచన. ఆ ఏడింట్లోంచి ఒకటి కాదు, రెండు క్లాసిక్‌లు వచ్చాయి. ఒకటి ఓపెన్ ఆల్ అవర్స్, కిరాణా కొట్టు పిసినారి ఆర్క్‌రైట్ కథ. రెండోది ప్రిజనర్ అండ్ ఎస్కార్ట్, అదే తర్వాత పోరిడ్జ్ అయింది. ఆ పైలట్‌లో న్యూ ఇయర్ ముందురోజు ఫ్లెచర్‌ని ఇద్దరు వార్డర్లు లండన్ నుంచి రైల్లో, తర్వాత వ్యాన్‌లో జైలుకి తీసుకెళ్తుంటారు. మనవాడు ఒంటేలుకని దిగి సరిగ్గా ఆ వ్యాన్ పెట్రోల్ ట్యాంక్‌లోనే పని కానిస్తాడు, ఆ చలిలో నిర్జనంగా ఉన్న కొండ ప్రాంతంలో బండి ఆగిపోతుంది. స్ట్రిక్ట్ వార్డరు సాయం కోసం నడుచుకుంటూ పోతాడు, మెతక వార్డరుతో ఒక పాడుబడ్డ ఇంట్లో తలదాచుకుని, సందు చూసి ఫ్లెచర్ పారిపోతాడు. రాత్రంతా చీకట్లో పరిగెత్తీ పరిగెత్తీ చివరికి ఒక ఇల్లు కనిపిస్తే కిటికీలోంచి దూరతాడు, చూస్తే అదే ఇల్లు, అదే వార్డరు! మొత్తం సిరీస్ తత్వం ఈ ఒక్క కథలోనే ఉంది. ఫ్లెచర్ ఎంత తెలివైనవాడైనా గోడ దాటి పోలేడు.

రాసింది డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే అనే జంట రచయితలు. వాళ్ళు రాసే ముందు నిజమైన జైళ్ళకెళ్ళి చూశారు, చూసి దిగులుపడ్డారు, ఇంత చీకటి చోట కామెడీ ఎలా పుట్టించాలిరా బాబూ అని. అప్పుడు జైల్లో ఉండి బయటికొచ్చిన ఒకాయన వాళ్ళకి ఒక సంగతి చెప్పాడు, లోపల మనిషిని బతికించేవి చిన్న చిన్న గెలుపులే అని. అధికారి కళ్ళుగప్పి ఒక గుడ్డు ఎక్కువ తెచ్చుకోవడం, ఒక పూట పని తప్పించుకోవడం, ఒక మాటతో వార్డరు నోరు మూయించడం, అలాంటివి. పారిపోవడాలు, తిరుగుబాట్లు కాదు. రచయితలకి తాళంచెవి దొరికినట్టయింది, ఫ్లెచర్ అనే మనిషి మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాడు. ఇంకో ఇబ్బందేంటంటే నిజమైన జైల్లో షూటింగ్‌కి ప్రభుత్వం ఒప్పుకోలేదు. టైటిల్స్‌లో కనిపించే గేటు సెయింట్ ఆల్బన్స్‌లో వాడకంలో లేని పాత జైలుది. లోపల మనం చూసే అంతస్తులు, ఇనప మెట్లు, మధ్యలో కట్టిన వల, ఇదంతా ఈలింగ్ స్టూడియోలో పాత నీళ్ళ ట్యాంకులో వేసిన సెట్, మామూలు ఫ్లోర్‌లో అంత ఎత్తు దొరకదు కాబట్టి ట్యాంకు లోపల కట్టారు. చూస్తుంటే ఎక్కడా సెట్ అనిపించదు, ఆ గోడలకి పట్టిన జిడ్డు కూడా కనిపిస్తుంది. దర్శకుడు, నిర్మాత సిడ్నీ లాటర్‌బీ, ఈయన పేరు ఎవరూ చెప్పుకోరు, చెప్పుకోవాలి.

ఇప్పుడు బార్కర్ నటన. మొదటి ఎపిసోడ్‌లో మెడికల్ చెకప్ సీన్ ఒకటుంది, ఇంగ్లండ్‌లో కాస్త వయసున్న ఎవరినడిగినా ఇది చెప్తారు. డాక్టరు గదికి ఆ చివర టేబుల్ మీదున్న సీసాలు చూపించి, వాటిల్లో ఒకటి నింపాలి నువ్వు అంటాడు. ఫ్లెచర్ "ఏంటీ, ఇక్కణ్ణుంచా?" అంటాడు. అంతే జోకు. కాగితం మీద చూస్తే స్కూలు పిల్లల జోకులాగానే ఉంటుంది, కానీ బార్కర్ చేసిన విధానం చూడండి. ఆ సీసాల వైపు ఒకసారి చూస్తాడు, ఆ దూరాన్ని నిజంగానే కొలుస్తున్నట్టు, అది తన వల్ల అవుతుందా కాదా అని సీరియస్‌గా ఆలోచిస్తున్నట్టు, ముఖంలో ఎక్కడా నవ్వు లేదు, తర్వాత అమాయకంగా అడుగుతాడు. జోకు వేస్తున్నా అని ఎక్కడా తెలియనివ్వడు. డాక్టరుకి మాత్రం తెలుసు వీడు తనని ఆడుకుంటున్నాడని, అయినా శిక్ష వేయడానికి దొరికేది ఏమీ లేదు. అదిగో చిన్న గెలుపు.

ఆ ఆటలో అవతలి జట్టు ఇద్దరు వార్డర్లు. మెకాయ్ అని స్కాట్లాండ్ ఆయన, పాత మిలిటరీ మనిషి, చాతీ విరుచుకుని మెడ సాగదీసి, ఖైదీలందరినీ పురుగుల్లా చూస్తుంటాడు. ఆ పాత్ర వేసిన నటుడి ఇంటిపేరు కూడా మెకాయే, ఫుల్టన్ మెకాయ్. రెండో ఆయన బారోక్లఫ్, బ్రయన్ వైల్డ్ వేశాడు, మెతక మనిషి, ఖైదీల్ని మార్చొచ్చని నమ్మేవాడు, ఇంట్లో భార్యతో పడలేక ఆ బాధలన్నీ ఖైదీలకే చెప్పుకుంటుంటాడు. ఫ్లెచర్ ఇద్దరితో రెండు రకాలుగా ఉంటాడు. బారోక్లఫ్‌ని మాటల్లో పెట్టి పనులు చేయించుకుంటాడు కానీ ఆయన్ని అవమానించడు. మెకాయ్‌తో మాత్రం యుద్ధమే, కానీ అది అణగిమణిగి "సార్" అంటూ చేసే యుద్ధం, ఆ సార్ అనే మాటలో ఎన్ని రకాల వెటకారం, ఎన్ని రకాల లొంగుబాటు పలికించొచ్చో బార్కర్ దగ్గరే చూడాలి.

మా నాన్న మా ఇంటికొచ్చినప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టి ఈ సిరీస్ చూపించా. ఆయనకి ఆ యాస సగం కూడా అర్థం కాలేదు, సబ్‌టైటిల్ చదివేలోపు సీను అయిపోతుండేది, అయినా మెకాయ్ తలుపులోంచి లోపలికి రాగానే లేచి కూర్చుని "వీడు మా ఆఫీసరేరా" అన్నారు. సర్వీసులో ఉన్నప్పటి పై అధికారి ఒకాయన అచ్చం ఇలాగే గుమ్మంలో నిలబడి, మాట్లాడకుండా, అందరూ పని చేస్తున్నారా లేదా అని మెడ తిప్పుతూ చూసేవారట. ఆ తర్వాత నాన్నకి సబ్‌టైటిల్స్ అవసరం పడలేదు. ఫ్లెచర్ ఎప్పుడు ఒళ్ళు దాచుకుంటున్నాడో, ఎప్పుడు ఎదురు తిరుగుతున్నాడో ఆయనకి నాకంటే ముందే తెలిసిపోయేది.

ఇది మా నాన్న ఒక్కరి మాటే కాదు. ఎర్విన్ జేమ్స్ అని జీవిత ఖైదు అనుభవించి గార్డియన్ పత్రికలో కాలమ్ రాసిన ఆయన, బ్రిటిష్ జైళ్ళలో ఖైదీలకీ వార్డర్లకీ మధ్య నిజంగా ఉండే సంబంధాన్ని ఫ్లెచర్, మెకాయ్‌ల గొడవ చూపించినంత నిజాయితీగా ఇంకేదీ చూపించలేదని రాశాడు. లోపల ఉండొచ్చిన మనిషి ఇచ్చిన సర్టిఫికెట్ కంటే పెద్దదేముంటుంది.

సరే ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మొదటి సిరీస్ మూడో ఎపిసోడ్, ఎ నైట్ ఇన్. ఈ పోస్టు రాయాలనిపించిందే దీని కోసం.

ఫ్లెచర్ గదిలోకి గాడ్బర్ అనే కుర్రాణ్ణి మారుస్తారు. బర్మింగ్‌హామ్ కుర్రాడు, మొదటిసారి జైలు, రెండేళ్ళ శిక్ష. ఆ పాత్ర రిచర్డ్ బెకిన్‌సేల్ వేశాడు, అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు, ముఖంలో ఇంకా పసితనం పోలేదు. సాయంత్రం తలుపుకి తాళం పడుతుంది, మళ్ళీ తెల్లారే దాకా తెరవరు. ఇక ఎపిసోడ్ అంతా దాదాపుగా ఆ గదిలోనే, ఇద్దరు మనుషులు, రెండంతస్తుల మంచం, ఒక బల్ల, తక్కువ వెలుతురు. కథ లేదు. ఎవరూ ఏమీ దొంగిలించరు, ఎవరూ ఎవరినీ మోసం చేయరు. అర్ధగంట మాటలు. 1974లో, పెద్ద ఛానల్‌లో, ఎక్కువమంది చూసే టైములో, సిరీస్ మొదలై మూడో వారానికే ఇలాంటిది వేశారంటే వాళ్ళకి ఆ ఇద్దరు నటుల మీద ఎంత నమ్మకమో!

ఆ రాత్రి గాడ్బర్‌కి నిద్ర పట్టదు. పగలు ఎలాగో గడిచిపోతుంది, మనుషులుంటారు, పని ఉంటుంది, అరుపులుంటాయి. తాళం పడ్డాక మొదలవుతుంది భయం. ఫ్లెచర్ మొదట విసుక్కుంటాడు, పడుకోనీరా నన్ను అన్నట్టుగా అటు తిరుగుతాడు. కానీ ఆ కుర్రాడి గొంతులో ఏదో విరగబోతోందని ఆయనకి తెలిసిపోతుంది, అది మనకి ఎలా తెలుస్తుందంటే బార్కర్ మొహంలో ఒక్క క్షణం ఆ వెక్కిరింత ఆగిపోతుంది. అంతే, ఇంకేం చేయడు. సానుభూతి ముఖం పెట్టడు, భుజం మీద చెయ్యి వేయడు, వయొలిన్లు మోగవు. మాట్లాడటం మొదలుపెడతాడు. ఇలా అనుకోరా, మనకి ఈ రాత్రి బయటికెళ్ళబుద్ధి కాలేదు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు కానీ ఎందుకులే అనిపించింది, ఇంట్లోనే ప్రశాంతంగా ఉందామనుకున్నాం, అంతే అనుకో, అని అర్థం వచ్చేలా చెప్తాడు. ఆ చెప్పడంలో మెల్లగా ఆ గది నిజంగానే ఒక ఇల్లు అయిపోతుంది మన కళ్ళ ముందు. గాడ్బర్ అంతా విని, బానే ఉంది కానీ ఇలాంటి ప్రశాంతమైన రాత్రులు నాకింకా వందలకొద్దీ మిగిలున్నాయి కదా అంటాడు. స్టూడియోలో జనం నవ్వుతారు. నవ్వు వస్తుంది, నిజమే, నవ్వొచ్చిన వెంటనే లోపల ఎక్కడో పట్టేసినట్టు ఉంటుంది కూడా.

ఈ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమేంటంటే బార్కర్ ఎంత తక్కువ చేస్తాడో అని. ఆయన అప్పటికే ఇంగ్లండ్‌లో పెద్ద స్టార్. 1971 నుంచి రోనీ కార్బెట్‌తో కలిసి చేస్తున్న ది టూ రోనీస్ అప్పుడు ఇంటింటా చూసేవాళ్ళు. విగ్గులు, గడ్డాలు, ఆడవేషాలు, తిరగేసి మరగేసి మాట్లాడే పాత్రలు, నోరు తిరగని డైలాగులు, ఏదైనా చేయగలడు. అలాంటి మనిషి ఇక్కడ మంచం మీద పడుకుని బుగ్గలో ఏదో నములుకుంటూ అవతలి కుర్రాడు చెప్పేది వింటుంటాడు. వినడం కూడా నటనే అని సినిమావాళ్ళు ఇంటర్వ్యూల్లో చెప్తుంటారు కానీ నాకు ఆ మాట అర్థమైంది ఈ ఎపిసోడ్ చూశాకే. బెకిన్‌సేల్ మాట్లాడేటప్పుడు సీన్ మొత్తం బెకిన్‌సేల్‌ది. బార్కర్ చిన్న కనుబొమ్మ ఎత్తినా చాలు, జనం ఆయన వైపే చూస్తారు, అది ఆయనకి తెలుసు కూడా, అందుకే ఎత్తడు. అవతలివాడి డైలాగు పూర్తిగా పేలి, ఆ నవ్వు తగ్గుముఖం పట్టేదాకా ఆగుతాడు. స్టార్ అయినవాడు ఇలా ఆగడం ఎంత అరుదో తెరమీద కామెడీ చూసే అలవాటున్న ఎవరికైనా తెలుసు.

ఆయన స్వభావమే అంతనుకుంటా. వెనకాల ఉండటం ఆయనకిష్టం. 1929లో బెడ్‌ఫర్డ్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో పెరిగాడు, కొన్నాళ్ళు బ్యాంకులో గుమాస్తాగా చేసి, 1948లో ఎయిల్స్‌బరీలో నాటక కంపెనీలో చేరాడు. తను తనుగా జనం ముందు నిలబడి మాట్లాడాలంటే మాత్రం ఆయనకి చచ్చేంత ఇబ్బంది, పాత్ర అనే ముసుగుంటే తప్ప కుదరదు. దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ జెరల్డ్ వైలీ కథ. 1960ల చివర్లో ఫ్రాస్ట్ ఆన్ సండే అనే ప్రోగ్రామ్‌కి జెరల్డ్ వైలీ అనే ఒకాయన స్కెచ్‌లు రాసి పంపేవాడు, చాలా బావుండేవి, ఎవరూ ఆయన్ని చూసింది లేదు. ఎవరో పెద్ద నాటక రచయిత మారుపేరుతో రాస్తున్నాడని అందరూ తలా ఒక ఊహ చేసేవాళ్ళు. చివరికి ఒక చైనీస్ రెస్టారెంట్‌లో టీమందర్నీ కలవడానికి వైలీ వస్తున్నాడని చెప్పి పిలిస్తే, అందరూ తలుపు వైపే చూస్తుంటే, బార్కర్ లేచి నిలబడి నేనే వైలీని అన్నాడు. పేరు దాచింది ఎందుకంటే, స్టార్ రాశాడని మొహమాటానికి తీసుకోకూడదు, స్కెచ్ బావుంటేనే తీసుకోవాలి, అందుకని. కార్బెట్ అయితే ఒక వైలీ స్కెచ్ హక్కులు కొనుక్కుందామని బేరమాడాడు కూడా, ఆ బేరం తన పక్కన రోజూ నిలబడే మనిషితోనే అని తెలియకుండా!

మళ్ళీ పోరిడ్జ్‌కి. మిగతా ఎపిసోడ్లలో నాకు బాగా ఇష్టమైనవి కొన్ని చెప్తా. జస్ట్ డెజర్ట్స్‌లో ఫ్లెచర్ దాచుకున్న పైనాపిల్ ముక్కల డబ్బా ఎవరో కొట్టేస్తారు. జైలు నిండా దొంగలే, అయినా మన మధ్య ఒక దొంగ ఉన్నాడు అని అందర్నీ కూర్చోబెట్టి ఫ్లెచర్ విచారణ జరుపుతాడు, దొంగలంతా నిజంగా బాధపడిపోతారు, ఇంత దిగజారిపోయామా అని. మనిషి ఎంత పడిపోయినా తనకంటూ ఒక నీతి గీత గీసుకుంటాడు కదా, ఈ ఎపిసోడ్ ఆ గీత మీదే నడుస్తుంది. 1975 క్రిస్మస్ స్పెషల్ నో వే అవుట్‌లో సొరంగం తవ్వుతారు, మరి తవ్విన మట్టంతా ఏం చేశార్రా అని మెకాయ్ అడిగితే ఫ్లెచర్ ఇంకో సొరంగం తవ్వి అందులో పోశాం సార్ అంటాడు. పొయెటిక్ జస్టిస్‌లో ఫ్లెచర్‌కి శిక్ష వేసిన జడ్జే నేరం రుజువై అదే జైలుకొస్తాడు, వచ్చి అదే గదిలో పడతాడు.

నో పీస్ ఫర్ ద వికెడ్ గురించి విడిగా చెప్పాలి. ఒక శనివారం మధ్యాహ్నం అందరూ ఫుట్‌బాల్‌కి పోతారు, ఫ్లెచర్‌కి కావాల్సింది ఒక్కటే, మంచం మీద కాసేపు ఒంటరిగా పడుకోవడం. ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, ఖైదీలు, వార్డర్లు, జైలు చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు, చివరికి మతగురువు. ఆయన్ని ఫ్లెచర్ తట్టుకోలేక పై అంతస్తు నుంచి కిందున్న వలలోకి తోసేస్తాడు. మూడు రోజులు ఒంటరి గది శిక్ష వేస్తే, ఇంకాస్త ఎక్కువ ఇవ్వగలరా అని అడుగుతాడు. జైల్లో ఒకడి దగ్గర్నుంచి లాక్కునేవాటిల్లో ఏకాంతం కూడా ఒకటి అనేది నేను అంతవరకు ఆలోచించలేదు. ఎ టెస్ట్ ఆఫ్ క్యారెక్టర్‌లో గాడ్బర్ పరీక్షకి చదువుతుంటాడు, హిస్టరీ పేపర్ ముందే సంపాదించి పెడితే కుర్రాడు పాసవుతాడని ఫ్లెచర్ ప్లాన్, తెమ్మని పంపింది చదవడం రాని ఖైదీని, వాడు బయాలజీ పేపర్ పట్టుకొస్తాడు. ఇది నవ్వే కానీ దాని కింద ఫ్లెచర్ ఆ కుర్రాడి కోసం తండ్రిలా పడే ఆరాటం ఉంది. నోటితో మాత్రం ఒక్క ఎపిసోడ్‌లో కూడా నువ్వంటే నాకిష్టంరా అనడు.

పార్డన్ మీలో బ్లాంకో అనే ముసలి ఖైదీ వేషం డేవిడ్ జేసన్ వేశాడు, అప్పటికి ముప్ఫైల్లో ఉన్న మనిషి, మేకప్ వేసి ముసలాణ్ణి చేశారు. ఓపెన్ ఆల్ అవర్స్‌లో బార్కర్ మేనల్లుడిగా చేసింది కూడా ఆయనే, బార్కర్‌ని ఎప్పుడూ గురువుగారు అన్నంత గౌరవంగా చూసేవాడు. బ్లాంకో భార్యని చంపాడని ఏళ్ళ తరబడి జైల్లో ఉంటాడు, చంపలేదని అంటుంటాడు, ఫ్లెచర్ వాళ్ళు పోరాడి క్షమాభిక్ష తెప్పిస్తారు. వెళ్ళేముందు ఫ్లెచర్ జాగ్రత్తలు చెప్తాడు, బయటికెళ్ళి అసలు హంతకుడి మీద పగ తీర్చుకుంటా అని తిరగొద్దు అని. దానికి ఆ ముసలాయన చాలా మామూలుగా, నా భార్యని చంపింది ఆమె ప్రియుడు, వాణ్ణి నేను అప్పుడే చంపేశా అంటాడు. అప్పుడు బార్కర్ ముఖం చూడాలి. మాటే ఉండదు.

అన్నీ బావున్నాయని నేననను. యాభై ఏళ్ళనాటి ప్రోగ్రామ్ ఇది, నల్లజాతి స్కాటిష్ ఖైదీ మెక్లారెన్ రంగు మీద వేసిన జోకులు, స్వలింగ సంపర్కుల మీద వేసిన జోకులు కొన్ని ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటాయి, ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పాలని కూడా లేదు నాకు. కానీ వంటగదిలో పనిచేసే లూక్‌వార్మ్ అనే గే ఖైదీని మిగతావాళ్ళు తమలో ఒకడిలా చూసుకునే తీరు మాత్రం ఆనాటి మిగతా సిట్‌కామ్‌ల కంటే చాలా మెరుగ్గా ఉంటుంది. మెక్లారెన్‌గా వేసిన టోనీ ఒసోబా కూడా ఆ పాత్రని జోకులకి గురయ్యేవాడిగా వదిలేయకుండా కోపమూ పొగరూ ఉన్న మనిషిగా నిలబెట్టాడు.

ఇక 1977లో సిరీస్ ఆపేశారు. జనం ఇంకా కావాలంటున్నా, జీవితాంతం ఫ్లెచర్‌గానే మిగిలిపోతానేమో అని బార్కర్ భయం. 1978లో గోయింగ్ స్ట్రెయిట్ అని ఫ్లెచర్ జైలు నుంచి బయటికొచ్చాక కథ ఆరు ఎపిసోడ్లు తీశారు, ఫ్లెచర్ కూతురు ఇంగ్రిడ్‌కీ గాడ్బర్‌కీ పెళ్ళవుతుంది అందులో. బానే ఉంటుంది, కానీ ఆ పదును లేదు. ఎందుకో ఆలోచిస్తే, బయట ఫ్లెచర్‌కి ఎదురుగా గోడ లేదు, మొదటి ఎపిసోడ్ తర్వాత మెకాయ్ లేడు, నిజాయితీగా బతకడానికి తంటాలు పడే ఒక మధ్యవయసు మనిషి మాత్రమే, ఆ ఓటములు చూస్తే నవ్వు కంటే దిగులే ఎక్కువ. 1979లో సినిమా కూడా వచ్చింది, అభిమానులు చూడొచ్చు, మిగతావాళ్ళు వదిలేసినా నష్టం లేదు. 2016లో ఫ్లెచర్ మనవడి కథ అని మళ్ళీ ఒకటి తీశారు, 2017లో సిరీస్ చేశారు. నాకు అవసరం అనిపించలేదు.

1979 మార్చిలో రిచర్డ్ బెకిన్‌సేల్ నిద్రలోనే గుండెపోటుతో చనిపోయాడు. 31 ఏళ్ళు. ఇది తెలిశాక ఎ నైట్ ఇన్ మళ్ళీ చూడటం వేరేగా ఉంటుంది, ఆ కుర్రాడు ఇంకా ఎన్ని రాత్రులున్నాయో అని లెక్కలేసుకోవడం వింటుంటే కష్టంగా ఉంటుంది.

బార్కర్ 1987 చివర్లో, 58 ఏళ్ళకి, ఇంకా పేరు వెలిగిపోతుండగానే రిటైరయిపోయి చిప్పింగ్ నార్టన్ అనే ఊళ్ళో పాత వస్తువుల షాపు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళు తెర మీదకి రాలేదు, 2002లో ఒక టీవీ సినిమాలో చర్చిల్ ఇంటి బట్లర్‌గా చిన్న వేషం వేశాడు. 2005 అక్టోబర్‌లో పోయాడు. 2006లో వెస్ట్‌మినిస్టర్ అబేలో సంస్మరణ సభ జరిగినప్పుడు శిలువ వెంట మామూలుగా తెచ్చే రెండు కొవ్వొత్తులకి బదులు నాలుగు తెచ్చారు. టూ రోనీస్‌లో హార్డ్‌వేర్ కొట్టు స్కెచ్ ఒకటుంది, కస్టమర్ ఫోర్క్ హ్యాండిల్స్, అంటే తోట పనిముట్టు పిడులు, అడిగితే కొట్టువాడికి ఫోర్ క్యాండిల్స్, నాలుగు కొవ్వొత్తులు, అన్నట్టు వినపడుతుంది, దేశమంతా తెలిసిన స్కెచ్ అది. ఆ నాలుగు కొవ్వొత్తులు అవే. ఆ స్కెచ్ రాసింది ఎవరో చెప్పక్కర్లేదు కదా, జెరల్డ్ వైలీనే.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట, పైలట్ నుంచి వరసగా చూడండి, మొదటిసారి సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి, ఆ యాస చెవికి పట్టడానికి రెండు మూడు ఎపిసోడ్లు పడుతుంది. ఎ నైట్ ఇన్‌ని మాత్రం పని చేసుకుంటూనో ఫోన్ చూసుకుంటూనో పెట్టకండి. రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో హడావుడి తగ్గాక, కూర్చుని చూడండి. ఒకసారి బార్కర్‌ని చూస్తూ, ఇంకోసారి బెకిన్‌సేల్‌ని చూస్తూ.